తొమ్మిదో తరగతి మళ్లీ చదివించాలా? ఏడీహెచ్‌డీ ఉన్న అబ్బాయి విషయంలో ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో సీబీఎస్ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి. డిసెంబరులో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) అని డాక్టరు చెప్పారు. జనవరి చివర్లో మందు మొదలుపెట్టాం. ఫైనల్ పరీక్షల్లో లెక్కలు, సైన్సు ఫెయిలయ్యాడు. స్కూలువాళ్లు ‘తొమ్మిదే మళ్లీ చదివించండి, లేదంటే పాస్ చేసి టీసీ ఇచ్చేస్తాం, వేరే స్కూలు చూసుకోండి’ అంటున్నారు. రీటెస్టు పెడతారా అంటే నీళ్లు నములుతున్నారు. మావారు హాస్టల్లో వేద్దామంటున్నారు. మా పాప అదే స్కూల్లో ఎనిమిది పూర్తి చేసింది. ఏం చేయమంటారు?

జవాబు:

సూటిగా చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి, అదే స్కూల్లో అదే తొమ్మిది మళ్లీ చదివించడం నాకు సమ్మతం కాదు. రీటెస్టు గట్టిగా అడగండి, వేసవిని వాడుకోండి, తగిన ఏర్పాట్లతో పదికి పంపండి. అయితే ఇది ఖాయం చేసుకునే ముందు మీరు ఇంట్లో కూర్చుని చూడాల్సింది ఒకటుంది. అందులో ఏం తేలుతుందో దాన్ని బట్టి నా మాట మారొచ్చు కూడా. నేను స్కూళ్లలో, ఆ తర్వాత క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా ఈ పిల్లల్ని చూస్తున్నాను. మార్చి నెలాఖరు వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమందిది ఇదే ప్రశ్న.

ముందు తేదీలు చూడండి. డిసెంబరులో డయాగ్నసిస్, జనవరి చివర్లో మందు, ఆ వెంటనే ఫైనల్ పరీక్షలు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందుల్లో మిథైల్‌ఫెనిడేట్ అయితే వేసుకున్న రోజే పని మొదలుపెడుతుంది, కానీ పిల్లవాడికి సరిపడే డోసు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. అటోమోక్సెటిన్ అయితే పూర్తి ప్రభావం కనబడటానికే నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే మీ అబ్బాయి చదివిన ఏడాదిలో దాదాపు అంతా ఏ చికిత్సా లేకుండా గడిచిందే. స్కూలువాళ్లు చూపిస్తున్న మార్కులు ఆ ఏడాదివి. వాటిని బట్టి రాబోయే ఏడాది కూడా ఇలాగే ఉంటుందని తేల్చేయడం న్యాయం కాదు. ఈ ఒక్క విషయం ప్రిన్సిపాల్ ముందు తేదీలతో సహా చెప్పండి. డాక్టరు ఇచ్చిన రిపోర్టు కాపీ జత చేయండి. నోటి మాటకంటే కాగితానికి విలువ ఎక్కువ.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పని. స్కూలుకు వెళ్లి లెక్కలు, సైన్సు జవాబు పత్రాలు చూపించమని అడగండి. మొహమాటపడకండి, అడిగితే చూపిస్తారు. ఫోటో తీసుకోనిస్తే ఇంకా మంచిది. మార్కుల సంగతి పక్కన పెట్టి, పేపరు ఎక్కడ ఆగిపోయిందో చూడండి.

ఈమధ్య ఒక అబ్బాయి లెక్కల పేపరు చూశాను. 13, 14, 15 సెంటీమీటర్ల భుజాలున్న త్రిభుజ వైశాల్యం, హీరోన్స్ ఫార్ములాతో. చుట్టుకొలతలో సగం 21 అని సరిగ్గా వేశాడు. రూట్ కింద 21 × 8 × 7 × 6 అని కూడా రాశాడు. అక్కడితో ఆపేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇది పూర్తి చెయ్యి నాన్నా’ అంటే రెండు నిమిషాల్లో 84 అని చెప్పాడు. ఇంకోచోట పేపరు వెనక పేజీలో ఉన్న ప్రశ్నను చూడనే లేదు. ఇంకోచోట మైనస్ గుర్తు ఒక వరుస నుంచి కింది వరుసకు దిగేసరికి మాయమైంది. 80 మార్కుల పేపరులో 20 మార్కులు ఒక మార్కు ప్రశ్నలే. వాటిలో తప్పు పోయినవాటిని పైకి చదివి వినిపిస్తే సగానికి పైగా సరిగ్గా చెప్పాడు. ఆ అబ్బాయికి లెక్కలు రావని ఎలా అంటాం? వచ్చినదాన్ని మూడు గంటలపాటు కాగితం మీద పెట్టడం వాడికి చేతకావడం లేదు. తొమ్మిదో తరగతి ఇంకోసారి చదివితే ఈ లోపం పోదు. మందు, ఎక్కువ సమయం, పేపరు రాసే పద్ధతి నేర్పడం, వీటితో పోతుంది.

మీ అబ్బాయి విషయంలో వేరేలా తేలొచ్చు. అడిగితే భిన్నాల కూడిక దగ్గరే తడబడ్డాడనుకోండి, ఎక్స్ ఉన్న సమీకరణాన్ని అటు ఇటు మార్చడమే రాలేదనుకోండి. అప్పుడు గండి తొమ్మిదిలో పడలేదు, ఆరు ఏడు తరగతుల్లో పడింది. అలాంటప్పుడు తొమ్మిది మళ్లీ చదివించమని చాలామంది టీచర్లు మంచి మనసుతోనే సలహా ఇస్తారు. కానీ తొమ్మిదో క్లాసు లెక్కల టీచరు జూన్‌లో పాలినోమియల్స్‌తో మొదలుపెడతారు గానీ ఏడో క్లాసు భిన్నాలు కూర్చోబెట్టి చెప్పరు కదా. కింది క్లాసు గండి పూడ్చాలంటే దానికి వేరే మనిషి, వేరే సమయం కావాలి. ఆ పని వేసవిలో మొదలుపెట్టి పదో తరగతితో పాటు నడిపించొచ్చు. దానికోసం ఏడాది పోగొట్టుకోనక్కర్లేదు.

ఇంటర్నల్ మార్కులు కూడా అడిగి తెలుసుకోండి. ఒక్కో సబ్జెక్టుకు 20 మార్కుల్లో నోట్‌బుక్కులు, పోర్ట్‌ఫోలియో, యాక్టివిటీల వాటా ఎక్కువ. ఏడీహెచ్‌డీ పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. హోంవర్క్ చేస్తారు, బ్యాగులోనే ఉంటుంది, టీచరుకు ఇవ్వరు. పాస్ మార్కు 33 శాతం. మీ అబ్బాయి ఎన్ని మార్కుల తేడాతో తప్పాడో మీరు రాయలేదు. నాలుగైదు మార్కుల తేడా అయితే ఆ లోటు ఇంటర్నల్స్ నుంచే వచ్చి ఉండొచ్చు.

‘ఒక్క ఏడాది ఆగితే మెచ్యూరిటీ వస్తుంది’ అన్న మాట మీకు స్కూల్లోనూ చుట్టాల్లోనూ వినబడుతుంది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో ఫిలిప్ షా బృందం 2007లో పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూసింది. మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్లయితే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో పదిన్నరేళ్లు. ముఖ్యంగా ఆలస్యమయ్యేది నుదుటి వెనక భాగం. ఆలోచించి ఆగడం, పనిని వరుసలో పెట్టుకోవడం ఆ భాగం చూసుకునే పనులే. రస్సెల్ బార్క్లీ అనే నిపుణుడు తల్లిదండ్రులకు చెప్పే ఉజ్జాయింపు లెక్క కూడా ఇలాంటిదే: తనను తాను అదుపులో పెట్టుకోవడంలో ఈ పిల్లలు అసలు వయసుకంటే 30 శాతం వెనక ఉంటారని. ఆ లెక్కన మీ పద్నాలుగేళ్ల అబ్బాయి తన బ్యాగు, తన టైమ్‌టేబుల్ చూసుకోవడంలో పదేళ్ల వాడిలా ఉంటాడు. ఎదుగుదల ఆలస్యమన్న మాట నిజమే. కానీ నాలుగేళ్ల వెనకబాటును ఒక ఏడాది ఆపితే పూడ్చలేం. పైగా తెలివిలో, శరీరంలో, స్నేహాల్లో తను పద్నాలుగేళ్ల వాడే. అక్కడ మాత్రం ఒక ఏడాది వెనక్కి నెట్టినవాళ్లమవుతాం.

అదే క్లాసు మళ్లీ చదివించడం మీద అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. షేన్ జిమెర్సన్ అనే పరిశోధకుడు 2001లో అంతకుముందు పదేళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, అదే క్లాసులో ఆపేసిన పిల్లలు చదువులో గానీ ప్రవర్తనలో గానీ మిగతావాళ్లకంటే మెరుగుపడినట్టు తేలలేదు. మధ్యలో చదువు మానేసేవాళ్లలో ఒకసారి క్లాసు ఆగిపోయినవాళ్ల సంఖ్య ఎక్కువని ఆ తర్వాతి పనిలో చూపించారు. మన దేశం పరిస్థితి వేరు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ నా కళ్లెదుట జరిగేది దీనికి దగ్గరగానే ఉంది, దానికి కారణం కూడా నాకు అర్థమైంది.

ఏడీహెచ్‌డీ ఉన్న మెదడు కొత్తదనం ఉంటే పట్టుకుంటుంది, విసుగొస్తే జారిపోతుంది. రిపీట్ చేసిన పిల్లవాడి ఏడాది ఇలా నడుస్తుంది. జూన్, జూలైల్లో పాఠాలు తెలిసినవే కాబట్టి యూనిట్ టెస్టులో మార్కులు వస్తాయి. ఇంట్లో అందరూ ‘చూశావా, మంచి పనే చేశాం’ అనుకుంటారు. ఆగస్టు వచ్చేసరికి ‘ఇది నాకు తెలుసు’ అని వినడం మానేస్తాడు. అసలు కష్టమైన పాఠాలు, అంటే నిరుడు అర్థం కానివి, దసరా తర్వాత వస్తాయి. అప్పటికి వినే అలవాటే పోయి ఉంటుంది. డిసెంబరు నాటికి నిరుటి మార్కుల దగ్గరికే చేరతాడు, ఈసారి ‘రెండోసారి కూడా ఇంతేనా’ అన్న మాటతో సహా. ఈ వరుస నేను చాలామంది పిల్లల్లో చూశాను. కాబట్టి ఎవరైనా రిపీట్ చేయించండి అంటే, రెండో ఏడాది ఏం మారుతుందో చెప్పమనండి. టీచరు మారతారా, సెక్షన్‌లో పిల్లలు తగ్గుతారా, విడిగా చెప్పేవాళ్లు ఉంటారా? ఇవేవీ లేవంటే ఆ ఏడాది వల్ల ఒరిగేదేమీ లేదు.

మీ ఇంట్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మీరు దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. రిపీట్ చేయిస్తే అన్నా చెల్లెళ్లిద్దరూ ఒకే స్కూల్లో ఒకే తరగతి అవుతారు. ఒకే పేరెంట్స్ మీటింగు, ఒకే రోజు ఇద్దరి ప్రోగ్రెస్ కార్డులు. చెల్లెలి నోట్సు చూసి రాసుకోమని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. పెళ్లిళ్లలో ‘ఏం చదువుతున్నారర్రా’ అని అడిగినప్పుడల్లా ఇద్దరూ ఒకే జవాబు చెప్పాలి. పాప మీద కూడా భారం పడుతుంది, అన్నయ్య చిన్నబోతాడని తన మార్కులు దాచుకునే ఆడపిల్లలున్నారు. ఈ ఒక్క కారణం చాలు, ఆ స్కూల్లో రిపీట్ వద్దనడానికి.

మరి రిపీట్ ఎప్పుడూ తప్పేనా? కాదు. ఒక అమ్మాయికి తొమ్మిదిలో టైఫాయిడ్ వచ్చి, ఆ తర్వాత డిప్రెషన్ వచ్చి సగం ఏడాది స్కూలే లేదు. తనే అడిగింది, మళ్లీ చదువుతానని. స్కూలు మార్చారు, క్లాసులో ముప్పై మంది కూడా లేని చిన్న స్కూలు. బాగా కుదురుకుంది. అలాగే కొందరు పిల్లల్ని మూడేళ్లు నిండకుండానే ఎల్‌కేజీలో వేసేస్తారు. వాళ్లు క్లాసులో అందరికంటే చిన్నవాళ్లు. అలాంటివాళ్లు ఒక ఏడాది ఆగితే తమ ఈడు పిల్లలతో కలుస్తారు, అది పెద్దగా నొప్పించదు. మీ అబ్బాయి పుట్టినరోజు క్లాసులో ఎక్కడ పడుతుందో చూడండి. ఎక్కువ కాలం స్కూలుకు వెళ్లకపోవడం, ఈడులో చిన్నవాడు కావడం, స్కూలు మారడం, పిల్లవాడు మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం, వీటిలో కనీసం రెండు మూడు కలిస్తే నేను కూడా రిపీట్ వైపే మొగ్గుతాను.

ఇక టీసీ సంగతి. ‘పాస్ చేసి టీసీ’ అనడం మన దగ్గర చాలా స్కూళ్లలో ఉన్నదే. పదో తరగతి రిజల్ట్ పాడవకూడదని తొమ్మిదిలో వడగడతారు. ఒక్కటి గమనించండి. పాస్ చేసి పంపించగలిగినవాళ్లు పాస్ చేసి ఉంచుకోనూ గలరు. ఈ మాట మర్యాదగానే, కానీ స్పష్టంగా అడగండి. ఎనిమిదో తరగతి దాకా విద్యాహక్కు చట్టం కొంత రక్షణ ఇస్తుంది గానీ తొమ్మిదికి అది వర్తించదు, కాబట్టి చట్టం పేరు చెప్పి లాభం లేదు. నచ్చజెప్పాలి. టీసీ తీసుకునే ముందు ఇంకో విషయం: సీబీఎస్ఈలో నేరుగా పదో తరగతిలో స్కూలు మారాలంటే బోర్డు అనుమతి కావాలి. చేర్చుకునే స్కూలు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా టీసీ మీద సంతకం పెట్టకండి.

హాస్టల్ మాత్రం వద్దమ్మా. మీవారి ఉద్దేశం మంచిదే, స్ట్రిక్ట్‌గా ఉంటే గాడిన పడతాడని. కానీ తెల్లవారుజామున లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చోట ఈ పిల్లలు మొదట నిద్ర పోగొట్టుకుంటారు. నిద్ర తగ్గితే ఉన్న ఏకాగ్రతా పోతుంది. మందు ఎవరు ఇస్తారు, ఆకలి తగ్గిందో లేదో ఎవరు చూస్తారు, డోసు మార్చాలని డాక్టరుకు ఎవరు చెప్తారు? డోసు ఇంకా కుదురుకోని ఈ దశలో పిల్లవాడు మీ కళ్లెదుట ఉండాలి. ఇంకోమాట, మిథైల్‌ఫెనిడేట్ అయితే అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, ప్రిస్క్రిప్షన్ కూడా పక్కాగా ఉండాలి. పరీక్షల వారంలో అయిపోకుండా ముందే చూసుకోండి.

స్కూలును ఏం అడగాలో చెప్తాను. ముందు బెంచీలో సీటు, రోజూ సాయంత్రం డైరీలో ఒక టీచరు సంతకం, పెద్ద అసైన్‌మెంటును ముక్కలుగా ఇవ్వడం, నోట్‌బుక్కులు వారానికోసారి అడిగి తీసుకోవడం. ఇవి ఖర్చు లేని పనులు, ఒప్పుకుంటారు. బోర్డు పరీక్షలో రాయితీల సంగతి వేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. కానీ చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకమైన ఇబ్బంది, అంటే డిస్లెక్సియా లాంటివి అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి ఇది కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ అబ్బాయికి ఆ పరీక్ష చేయించారా? చేయించకపోతే ఈ వేసవిలోనే చేయించండి. అది ఉన్నట్టు తేలి సర్టిఫికెట్ వస్తే, సీబీఎస్ఈ మూడు గంటల పేపరుకు ఇంకో గంట ఇస్తుంది, అవసరమైతే స్క్రైబ్ (తను చెప్పింది రాసిపెట్టే మనిషి), భాషల్లో సడలింపు కూడా ఉంటాయి. దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్లాలి, ఆలస్యం చేయొద్దు.

పది అంటే భయపడుతున్నారు గానీ దారులు మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. లెక్కల్లో స్టాండర్డ్ బదులు కాస్త తేలికైన బేసిక్ పేపరు ఎంచుకోవచ్చు. 2026 నుంచి సీబీఎస్ఈ పదో తరగతికి ఒకే ఏడాదిలో రెండుసార్లు పరీక్ష పెడుతోంది, మొదటిసారి తగ్గిన సబ్జెక్టులు మేలో మళ్లీ రాసుకోవచ్చు. అదీ కుదరకపోతే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఉంది, తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో పద్నాలుగేళ్లు నిండితే చాలు, ఐదు సబ్జెక్టులు ఐదేళ్లలోపు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. ఒకేసారి అన్ని సబ్జెక్టులూ మోయలేని పిల్లలకు అది మంచి దారి. అది చదువు రానివాళ్ల కోసమని చులకన చేసేవాళ్ల మాట వినకండి. తర్వాత ఇంటర్‌లో కూడా మన రెండు రాష్ట్రాల్లో ఫస్టియర్‌లో సబ్జెక్టు పోయినా సెకండియర్‌కు వెళ్లనిస్తారు. అంటే మీ అబ్బాయి ఈసారి ఆగకపోతే ముందు ముందు అంతా మూసుకుపోతుందన్నది నిజం కాదు.

ఇంత రాశాను గానీ మీ ఉత్తరంలో అబ్బాయి ఏమంటున్నాడో ఎక్కడా లేదు. అడగండి. నాన్న ఎదుట కాదు, చెల్లెలి ఎదుట కాదు. స్కూటర్ మీద వెళ్తున్నప్పుడో, వంటింట్లో మీరు పని చేసుకుంటున్నప్పుడో. ఈ వయసు మగపిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. ‘మళ్లీ తొమ్మిది అంటే నీకు ఏది కష్టంగా అనిపిస్తుంది? పదికి వెళ్తే ఏది కష్టంగా ఉంటుంది?’ రెండూ అడగండి, మధ్యలో అడ్డుపడకండి. ‘మీ ఇష్టం’ అంటే అది ఒప్పుకోవడం కాదు, విసిగిపోయాడని అర్థం. తిండి మానేయడం, గదిలోంచి రాకపోవడం, ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ లాంటి మాటలు కనిపిస్తే స్కూలు సంగతి ఆపి ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ వారం చేయాల్సింది: జవాబు పత్రాలు చూడటం, రీటెస్టు కోరుతూ డాక్టరు రిపోర్టుతో ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చి అందినట్టు కాపీ మీద సంతకం తీసుకోవడం, మందు డోసు సమీక్షకు అపాయింట్‌మెంట్. రీటెస్టు ఒప్పుకుంటే అన్ని పాఠాలూ మొదలుపెట్టకండి. లెక్కల్లో తనకు సగం వచ్చిన మూడు నాలుగు చాప్టర్లు, సైన్సులో అలాంటివే మూడు. ఒక్కో కూర్చోవడం ఇరవై ఐదు నిమిషాలు, మధ్యలో లేచి తిరగనివ్వండి, మందు పనిచేసే వేళలోనే చదివించండి. రోజుకో పాత ప్రశ్నపత్రంలో సగం, గడియారం ఎదురుగా పెట్టి రాయించండి. రాశాక ప్రతి లెక్క కింద చివరి జవాబు చుట్టూ గీత గీయమనండి. గీత లేని లెక్క పూర్తి కాలేదని తనే పట్టుకుంటాడు. జవాబు పత్రాల్లో ఏం కనిపించిందో రాయండి, దాన్ని బట్టి వేసవి ప్లాన్ కలిసి వేద్దాం.